ఊరి క్లినిక్‌లో బీపీ, షుగర్ రోగుల నెలవారీ సమావేశం ఎలా నడపాలి

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మొదటి నెల హాలు నిండిపోయింది. మూడో నెలకు పది మంది కూడా రాలేదు. మా సిబ్బంది మాత్రం ఆ రోజు సాయంత్రానికి కూలబడిపోతున్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?"

తేడా ఎక్కువగా రెండు చోట్ల కనిపిస్తుంది. పొద్దున్నే పని మానుకుని వచ్చిన మనిషికి ఉపన్యాసం దొరుకుతుంది గాని నెలకు సరిపడా గోళీలు దొరకవు. ఇక సిబ్బందిలో అందరూ అన్ని పనులూ చేస్తుంటారు, అందుకే ఏ పనీ తెమలదు. ఈ రెండూ సరిచేస్తే చాలావరకు దారిలో పడుతుంది.

ఇక్కడ చెప్పేది సబ్‌సెంటర్ స్థాయికి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) కింద ఊళ్లో ఉండే ఉపకేంద్రానికి. తెలంగాణలో పల్లె దవాఖానా, ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, కేంద్రం లెక్కలో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. బోర్డు మీద ఏ పేరున్నా లోపల పని చేసేది ఎంఎల్‌హెచ్‌పీ (క్లినిక్ బాధ్యత చూసే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి), ఏఎన్ఎం (నర్సు), ఆశాలే. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక సబ్‌సెంటర్ అన్నది లెక్క. అంతమందిలో బీపీ, షుగర్ ఉన్నవాళ్లందరినీ ఒకే రోజు పిలవకండి. ఒక సమావేశానికి 25 మంది చాలు. ఎక్కువ మంది ఉంటే వాడల వారీగా రెండు మూడు గుంపులు చేసి, వారానికో గుంపును పిలవండి.

కావాల్సినవి (25 మందికి)

- డిజిటల్ బీపీ మిషన్లు 2. రెండింటికీ కొత్త బ్యాటరీలు, వీలైతే అడాప్టర్.
- చిన్న, మామూలు, పెద్ద సైజు కఫ్‌లు (జబ్బకు చుట్టే పట్టీలు). జబ్బ కొలవడానికి ఒక టేపు.
- గ్లూకోమీటర్ 1, దానికి సరిపోయే స్ట్రిప్పులు 30, లాన్సెట్లు (వేలు గుచ్చే సూదులు) 35.
- దూది, సబ్బు, నీళ్లు, తుడుచుకోవడానికి పొడి గుడ్డలు లేదా టిష్యూలు.
- సూదులు పొడుచుకురాని తెల్ల డబ్బా, పసుపు సంచి, ఎర్ర సంచి.
- వీపు ఆనించుకునే కుర్చీలు. బీపీ చూసే చోట కనీసం 4 ఇవే ఉండాలి. బడి నుంచి తెచ్చిన బెంచీలు కూర్చోవడానికి పనికొస్తాయి గాని బీపీ చూడటానికి పనికిరావు.
- బరువు చూసే మిషన్, రిజిస్టరు, పెన్నులు.
- పావుకిలో చక్కెర, ఒక చెంచా, గ్లాసులు, 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్.
- ఇడ్లీ, ఉప్మా లాంటి టిఫిన్. ఇది మర్యాద కోసం కాదు, పరగడుపున వచ్చినవాళ్ల భద్రత కోసం. ఖర్చు ఎలాగా అన్నది ముందే జన్ ఆరోగ్య సమితిలో (క్లినిక్ బాగోగులు చూసే కమిటీ) మాట్లాడి పెట్టుకోండి. ఊళ్లో మహిళా సంఘం వండిపెట్టే ఏర్పాటు చాలా చోట్ల కుదురుతుంది.
- నెలకు సరిపడా గోళీలు. ఇది అన్నిటికంటే ముఖ్యం. లెక్క కింద ఉంది.

గోళీల లెక్క: మీ దగ్గర నమోదైన 80 మంది రోజుకో అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల గోళీ వేసుకుంటారనుకోండి. 80 × 30 = 2,400. వాళ్లలో 20 మంది 10 మిల్లీగ్రాముల మోతాదు మీద ఉంటే, వాళ్లకు రోజుకు ఇంకో గోళీ చొప్పున మరో 600. మొత్తం 3,000. దీనికి నాలుగో వంతు కలిపి 3,750కి ఇండెంట్ (మందులు కావాలని పైకి పంపే పత్రం) పెట్టండి. పోయిన నెల వచ్చినవాళ్లను బట్టి ఇండెంట్ పెడితే ఈ నెల వాళ్లకే సరిపోతుంది. మానేసినవాడు తిరిగొస్తే చేతిలో గోళీ ఉండదు, మళ్లీ మానేస్తాడు. అందుకే లెక్క ఎప్పుడూ నమోదైనవాళ్ల మీద కట్టాలి.

1. రోజు, వేళ ఖాయం చేయండి

ప్రతి నెలా ఒకే రోజు పెట్టండి: రెండో మంగళవారం, మూడో శుక్రవారం, అలా. బుధ, శనివారాలు టీకాలకు పోతాయి, వాటి జోలికి వెళ్లకండి. ఊరి సంత రోజూ వద్దు. పింఛన్లు ఇచ్చే రోజు పెద్దవాళ్లెవరూ రారు.

పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగించండి. నాట్లు, కలుపు, పత్తి ఏరే రోజుల్లో కూలికి వెళ్లేవాళ్లు అంతవరకు ఆగరు కాబట్టి వాళ్లను ముందు చూసి పంపండి. ఎండాకాలంలో ఉపాధి పనికి తెల్లవారుజామునే వెళ్లిపోతారు. అప్పుడు సాయంత్రం నాలుగింటికి పెట్టుకోవచ్చు. కాకపోతే పరగడుపు షుగర్ కుదరదు. తిన్న రెండు గంటలకు చూసి, రిజిస్టరులో ఆ మాటే రాయండి.

ఒకసారి ఖాయం చేసిన తేదీని పై అధికారి వస్తున్నారనో, ఫొటోలు కావాలనో మార్చకండి. వచ్చి తలుపు తాళం చూసి వెళ్లిన మనిషిని మళ్లీ రప్పించడానికి ఆశా నాలుగుసార్లు ఇంటికి వెళ్లాలి.

2. ముందు రోజు కబురు, సరైన మాటల్లో

ముందు రోజు ఆశాలు తలా పన్నెండు మందికి ఫోన్ చేయాలి, లేదా ఇంటికి వెళ్లి చెప్పాలి. "రేపు క్లినిక్‌కి రండి" అంటే చాలదు. ఇవి చెప్పాలి:

- బీపీ గోళీ రోజూలాగే పొద్దున నీళ్లతో వేసుకునే రండి. "మందు లేకుండా అసలు బీపీ ఎంతుందో చూద్దాం" అని మానేసి వచ్చేవాళ్లు ప్రతి గుంపులో ఉంటారు. ఆ రోజు కొలత దేనికీ పనికిరాదు.
- షుగర్ ఉన్నవాళ్లు ఏమీ తినకుండా రండి. మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ గోళీ, ఇన్సులిన్ మాత్రం వేసుకోకుండా వెంట తెచ్చుకోండి. పరీక్ష అయ్యాక, టిఫిన్ ముందు పెట్టుకుని వేసుకోవచ్చు.
- టీ, కాఫీ, బీడీ, చుట్ట అరగంట ముందు నుంచీ వద్దు.
- మిగిలిన గోళీలు, ఖాళీ అట్టలు, బయట డాక్టర్ దగ్గర కొన్న మందులు అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి.

రెండో మాట సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుకోండి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోళీ వేసుకుని, ఏమీ తినకుండా, రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి, వరుసలో గంట నిలబడిన పెద్దావిడకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అది ఎండదెబ్బ కాదు, షుగర్ పడిపోవడం. ఏం చేయాలో 5వ అంచెలో ఉంది.

3. ఎవరు ఎక్కడ కూర్చోవాలి

నలుగురు ఉంటే ఇలా పంచండి.

- గుమ్మం దగ్గర ఒక ఆశా: పేరు చూడటం, బరువు, గోళీల సంచి తీసుకోవడం. వచ్చినవాళ్లను ఐదు నిమిషాలు కూర్చోబెట్టే బాధ్యత కూడా ఈమెదే.
- ఏఎన్ఎం: బీపీ.
- రెండో ఆశా: షుగర్ దగ్గర చేతులు కడిగించడం, టిఫిన్ అందించడం, కళ్లు తిరుగుతున్నవాళ్లను కనిపెట్టుకోవడం.
- ఎంఎల్‌హెచ్‌పీ: షుగర్ పరీక్ష, గోళీల లెక్క, మందులివ్వడం, అవసరమైతే ఈ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ డాక్టర్ సేవ) డాక్టర్‌తో మాట్లాడించడం.

ముగ్గురే ఉంటే బరువు చూడటం మానేయండి, మూడు నెలలకోసారి చాలు. ఇద్దరే ఉంటే గుంపును 12 మందికి తగ్గించండి. సిబ్బంది తగ్గినా 25 మందినే లాక్కొస్తే బీపీ కొలత చెడుతుంది, అది చెడ్డాక మిగతాదంతా ఉత్తదే.

ఏడుంపావుకు, జనం రాకముందు, సిబ్బంది ఒకరికొకరు బీపీ చూసుకోండి. మిషన్ పనిచేస్తోందో లేదో తెలుస్తుంది, మీ బీపీ సంగతీ తెలుస్తుంది. ముప్పై దాటిన ఆశా అందరికీ పరీక్షలు రాయించి తాను మాత్రం చేయించుకోకపోవడం మామూలే.

4. బీపీ: ఇక్కడే ఎక్కువ తప్పులు

కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోవాలి. కాలు మీద కాలు వద్దు. మూత్రం వస్తుంటే వెళ్లి రమ్మనండి, ఆపుకుంటే బీపీ పెరుగుతుంది. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తుకు ఉండాలి. గాలిలో వేలాడితే కొలత ఎక్కువ వస్తుంది.

టేపుతో జబ్బ మధ్యలో కొలవండి. 22 నుంచి 32 సెంటీమీటర్లు ఉంటే మామూలు కఫ్. అంతకు మించితే పెద్దది, తక్కువైతే చిన్నది. చిన్న కఫ్‌ను లావు చేతికి బిగిస్తే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఎముకలు తేలిన ముసలమ్మకు మామూలు కఫ్ కడితే ఉన్నది తగ్గించి చూపిస్తుంది. రెండో తప్పు మన ఊళ్లలో ఎక్కువ, ఎవరూ పట్టించుకోరు. మొదటి నెల కొలిచిన సైజును కార్డు మీద "మా", "పె", "చి" అని ఒక్క అక్షరంతో రాస్తే ప్రతి నెలా టేపు పట్టక్కర్లేదు.

కఫ్ కింద గుడ్డ ఉండకూడదు. జాకెట్టు చెయ్యి పైకి మడిచారా? అది బిగుతుగా ఉంటే జబ్బను నొక్కేస్తుంది, కొలత తారుమారవుతుంది. మడత కింద మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. దూరకపోతే తెర వెనక జాకెట్టులోంచి చెయ్యి బయటికి తీయించండి. ఇందుకే ఒక పాత చీరతోనైనా తెర కట్టుకోవాలి.

కొలుస్తున్నప్పుడు మాటలొద్దు. "అమ్మా, కూతురు పురుడు పోసుకుందా?" అని ఆప్యాయంగా అడిగినా సరే, అంకె పెరుగుతుంది. ఆ కబుర్లు కఫ్ విప్పాక.

ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. రెండింటికీ 10కి మించి తేడా వస్తే మూడోసారి చూసి, చివరి రెండింటి సగటు తీసుకోండి. 25 మందికి ఇంత సమయం ఎక్కడిదంటారా? రెండు మిషన్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకరికి మొదటి కొలత అవుతుండగా ఇంకొకరికి రెండోది మొదలుపెడితే మనిషికి మూడు నాలుగు నిమిషాలే పడుతుంది.

చూడాల్సిన గీత 140/90. పైది గాని కిందిది గాని ఆ గీతను చేరినా, దాటినా అదుపులో లేనట్టే. కానీ వెంటనే మందు పెంచమని అడగకండి. ముందు గోళీల సంచి చూడండి, ఆ సంగతి 6లో. లేచి నిలబడితే తూలుతోందనే పెద్దవాళ్లకు నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గాని అంతకంటే ఎక్కువ గాని పడితే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలి.

180/110 గాని ఆపైన గాని వస్తే పక్కన కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అలాగే ఉంటే, ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. ఆలోచించే పని లేదు. ఇవేవీ లేకపోతే అదే రోజు పీహెచ్‌సీ డాక్టర్‌తో గాని ఈ-సంజీవనిలో గాని మాట్లాడించండి. నిఫెడిపిన్ అనే బీపీ మందు నాలుక కింద పెట్టడం అనే పాత అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతం, గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

5. షుగర్

చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడిచి, ఆరాకే గుచ్చాలి. అరటిపండో ప్రసాదమో తాకిన వేలితో చూస్తే అంకె ఎక్కడికో పోతుంది. తడి ఉంటే రక్తం పలచబడి తక్కువ చూపిస్తుంది. స్పిరిట్ వాడితే పూర్తిగా ఆరనివ్వండి. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. మొదటి చుక్క దూదితో తుడిచేసి రెండోది తీసుకోండి. వేలిని పిండకండి, చెయ్యి కిందికి వేలాడదీస్తే రక్తం అదే వస్తుంది.

ఒకరికి వాడిన లాన్సెట్ ఇంకొకరికి వాడకూడదన్నది అందరికీ తెలుసు. సూది మార్చి, గుచ్చే పెన్ను మాత్రం అందరికీ ఒకటే వాడతారు. దాని మూతకు అంటిన రక్తంతోనే హెపటైటిస్ బి అంటుకోవచ్చు. ఒకసారి వాడి పారేసే లాన్సెట్లే వాడండి. వాడింది నేరుగా తెల్ల డబ్బాలోకి. మూత తిరిగి పెట్టకండి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లవుజులు ఎర్ర దాంట్లోకి.

స్ట్రిప్పుల డబ్బా మూత ప్రతిసారీ బిగించాలి. వానాకాలంలో తెరిచి ఉంచితే తేమకు చెడిపోతాయి. తెరిచిన తేదీ డబ్బా మీద రాయండి. ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ మీదే ఉంటుంది.

పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు అన్నది ఎక్కువమందికి గురి. బాగా పెద్దవాళ్లకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు డాక్టర్ వేరే గురి పెట్టి ఉండొచ్చు, కార్డు చూడండి. రక్తహీనత బాగా ఉన్నవాళ్లకు మీటర్ ఎక్కువ చూపిస్తుంది. అనుమానమొస్తే శాంపిల్ పీహెచ్‌సీ ద్వారా ల్యాబ్‌కు పంపండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి కూడా అదే దారి.

70 కంటే తక్కువ వస్తే, లేదా చెమట, వణుకు కనిపిస్తే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వండి. పెరిగాక టిఫిన్ పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. 300 దాటి, వాంతులు, ఆయాసం, విపరీతమైన దాహం ఉంటే అప్పుడూ 108కే.

6. గోళీల సంచి

"గోళీలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడగకండి. అందరూ "వేసుకుంటున్నా" అనే అంటారు. "పోయిన వారం ఏ రోజు వీలు కాలేదు?" అని అడగండి. తప్పడం మామూలేనన్నట్టు అడిగితే నిజం బయటికొస్తుంది.

తర్వాత లెక్కపెట్టండి. 28 రోజుల కింద 30 ఇచ్చారు, రెండు మిగలాలి. పన్నెండు మిగిలాయంటే పది రోజులు వేసుకోలేదు. ఈయన బీపీ 160 ఉంటే మందు మోతాదు చాలక కాదు, మందు కడుపులో పడక. మోతాదు పెంచితే, భయపడి రోజూ వేసుకోవడం మొదలుపెట్టిన రోజున కళ్లు తిరిగి పడతాడు.

ఎందుకు మానేశారో కూడా తెలుసుకోండి. ఎక్కువగా వినిపించేవి ఇవి. అమ్లోడిపిన్‌తో చీలమండల దగ్గర వాపు. ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు. మెట్‌ఫార్మిన్‌తో కడుపు ఉబ్బరం, విరేచనాలు, అది ఖాళీ కడుపున వేసుకుంటే ఇంకా ఎక్కువ. వీటన్నిటికీ డాక్టర్ దగ్గర ప్రత్యామ్నాయం ఉంటుంది. "బీపీ తగ్గిపోయిందిగా, ఇంకెందుకు?" అన్నది ఇంకో కారణం. గోళీ వేసుకుంటున్నారు కాబట్టే తగ్గిందని కార్డులోని పాత, కొత్త అంకెలు పక్కపక్కన చూపించి చెప్పండి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి వేసుకుంటుంటే నెల తప్పిన వెంటనే చెప్పమని మరీ మరీ చెప్పండి. గర్భంలో బిడ్డకు అవి ప్రమాదం.

సంచిలో నొప్పుల గోళీలు వెతకండి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ నెలల తరబడి మింగేవాళ్లు ఊరికి పది మంది ఉంటారు. అది బీపీని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. బీపీ దిగకపోవడానికి కారణం ఒక్కోసారి ఆ అట్టలోనే దొరుకుతుంది.

చదువురానివాళ్లకు పొద్దుటి గోళీల కవరు మీద సూర్యుడి బొమ్మ, రాత్రివాటి మీద చంద్రుడి బొమ్మ గీసివ్వండి. తిరిగి చెప్పించుకోండి: "ఇంటికెళ్లాక ఏది ఎప్పుడు వేసుకుంటావో ఒక్కసారి చెప్పు పెద్దమ్మా." చెప్పలేకపోతే తప్పు ఆమెది కాదు, మళ్లీ చెప్పండి.

7. పావుగంట మాటలు, ఒకే విషయం

టిఫిన్ తింటుండగా మాట్లాడండి, ఎవరూ లేచి వెళ్లరు. నెలకు ఒకే విషయం. చార్టు చదవకండి, చేసి చూపించండి.

ఉప్పు నెల ఇలా: ఒక స్టీలు పళ్లెంలో ఒక టీస్పూన్ ఉప్పు తలగొట్టి పోయండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంతే. కూర, పప్పు, చారు, పచ్చడి, మజ్జిగ అన్నిటిలో కలిపి ఇంతే. ఇప్పుడు నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుందో అడగండి. లెక్క ప్రకారం నలుగురికి నెలకు 600 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. అందరూ నెలకోటి, నెలకు రెండు అంటారు. అక్కడే మీ మాట అర్థమవుతుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, మిక్చరు ఈ లెక్కలోకి రావని మర్చిపోకండి, అవి అదనం. సైంధవ లవణం మంచిదన్న మాట వస్తుంది. అదీ ఉప్పే. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటివి వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

ఆవకాయ పూర్తిగా మానేయమంటే ఎవరూ మానరు, మీ మాట మీదే నమ్మకం పోతుంది. అన్నమంతా దాంతోనే కలపకుండా, చివరి నాలుగు ముద్దల్లో నంజుకోమనండి.

షుగర్ నెల: "రాగి సంకటి ఎంత తిన్నా ఏం కాదు" అన్న నమ్మకం గట్టిగా ఉంది. రాగి, జొన్న, కొర్రలు కూడా గింజలే, షుగర్ పెంచుతాయి. పలచటి రాగి జావ అయితే ఇంకా త్వరగా పెంచుతుంది. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగతా పావు అన్నమో సంకటో అని పళ్లెం పెట్టి చూపించండి. ఉపవాసాలున్న కార్తీకం, రంజాన్ నెలల ముందు గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లను పక్కకు పిలిచి డాక్టర్‌తో మాట్లాడించండి. ఉపవాసం వద్దని చెప్పడం మన పని కాదు, మందు వేళలు మార్చుకోకుండా ఉపవాసం ఉండొద్దని చెప్పడం మన పని.

పాదాల నెల: ప్రతి షుగర్ మనిషి చెప్పులు విప్పాలి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, ఆనెలు చూడండి. పాదం అడుగు చూసుకోవడానికి చిన్న అద్దం చాలు. ఆనెలు బ్లేడుతో కోసుకోవద్దు, గోళ్లు అడ్డంగా తిన్నగా తీసుకోవాలి, వేడినీళ్లలో కాళ్లు పెట్టే ముందు ఇంట్లో ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. స్పర్శ పోయిన పాదానికి కాలినా తెలియదు. పుండు కనిపిస్తే, ఎంత చిన్నదైనా, ఆ వారమే పీహెచ్‌సీకి.

పొగాకు నెలలో, మానడానికి సాయం చేసే క్విట్‌లైన్ 1800-11-2356 నంబరు కార్డుల మీద రాసివ్వండి. చుట్ట, బీడీ తాగేవాళ్లతో పాటు నమిలేవాళ్లను, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లను మర్చిపోవద్దు.

8. వ్యాయామం

కుర్చీలోనే చేయించండి: చీలమండలు తిప్పడం, మోకాలు చాపి పది లెక్కపెట్టడం, చేతులు పైకెత్తడం, కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడం పదిసార్లు. పది నిమిషాలు చాలు. ఇంటి దగ్గర వారానికి 150 నిమిషాల చురుకు నడక. పొలం పనిలో రోజంతా ఉండేవాళ్లకు నడక పాఠం చెప్పకండి, నవ్వుతారు.

యోగా చేయించేవాళ్లు వస్తే ముందే చెప్పండి: కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టడం, తల కిందికి వంచే ఆసనాలు బీపీ అదుపులో లేనివాళ్లకు, షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్నవాళ్లకు వద్దు. నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం అందరికీ సరిపోతుంది.

9. ఎంట్రీ, రానివాళ్ల జాబితా

ప్రభుత్వ పోర్టల్‌లో కొలతల ఎంట్రీ సాయంత్రానికి వాయిదా వేయకండి. మనిషి ఎదురుగా ఉండగానే కొట్టేయండి. నెట్‌వర్క్ రాకపోతే రిజిస్టరు చివర "ఎక్కించాను" అన్న గడి ఖాళీగా వదిలి, సిగ్నల్ వచ్చాక ఆ ఖాళీలే చూసి ఎక్కించండి. ఒకే సమాచారాన్ని మూడు పుస్తకాల్లో రాయడం మొదలైతే, ఏది తీసేయొచ్చో సూపర్‌వైజర్‌తో కూర్చుని తేల్చుకోండి.

లేవకముందే రానివాళ్ల పేర్లు చదవండి. ఒక్కో ఆశాకు ఐదు ఇళ్లకు మించి ఇవ్వకండి, అవీ వారం లోపు. ఇంటికి వెళ్లినప్పుడు నిలదీయడం వద్దు. గోళీలు వెంట తీసుకెళ్లి చేతిలో పెట్టి, కారణం కనుక్కుని రావాలి.

ఎవరి అంకెలూ పైకి చదవకండి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. "నీకు 280 ఉంది చూడు" అని నలుగురిలో అన్న మాటకు మానేసినవాళ్లను తిరిగి తేవడం చాలా కష్టం.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎంతమంది వచ్చారన్నది కొలత కాదు. మూడు నెలలకోసారి ఈ లెక్క వేయండి: నమోదైన బీపీ రోగుల్లో, ఈ మూడు నెలల్లో చివరిసారి చూసినప్పుడు 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఎంతమంది? రానివాళ్లను అదుపులో లేనివాళ్ల కిందే కట్టండి. 80 మంది నమోదై, 50 మంది వచ్చి, 30 మందికి అదుపులో ఉంటే మీ ఫలితం 80లో 30, అంటే నూటికి 37.5. వచ్చిన 50 మీద లెక్క కట్టి నూటికి 60 అని రాసుకుంటే మీటింగ్‌లో బాగుంటుంది, ఊళ్లో పక్షవాతాలు తగ్గవు.

రెండో పరీక్ష రిజిస్టరులోనే ఉంటుంది. బీపీ అంకెల చివరి అంకెలు చూడండి. అన్నీ 0తో ముగుస్తున్నాయా? వరుసగా 130/80, 120/80 కనిపిస్తున్నాయా? అయితే ఎవరో కొలవకుండా రాస్తున్నారు, లేదా చూసినదాన్ని గుండ్రం చేస్తున్నారు. మందలించేముందు వాళ్లకు ఎంతమందిని అప్పగించారో చూడండి. ఎక్కువసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

సిబ్బంది సంగతి

జనానికి టిఫిన్ పెట్టి, మీరు పదకొండున్నర దాకా ఖాళీ కడుపుతో ఉండటం మానేయండి. ఒక్కొక్కరు పది నిమిషాలు లేచి తిని రావాలి, ఆ వేళ ముందే రాసిపెట్టుకోండి. ఆ మధ్యాహ్నం ఇంటింటి సర్వే పెట్టుకోవద్దు. బీపీ కుర్చీలో నెల నెలా మనిషిని మార్చండి, రెండు గంటలు వంగి కఫ్‌లు కట్టే పని నడుముకు చెడ్డది. ఆశాల క్లెయిమ్ ఫారాలు ఆ రోజే రాయించి సంతకం చేయించండి, తర్వాత గుర్తుండదు. నిద్ర పట్టక, పని మీద మనసు పోక ఇబ్బంది పడుతున్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఫీజు లేదు.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలకు, సూది ముట్టే ప్రతి ఒక్కరూ వేయించుకుని ఉండాలి. వాడిన లాన్సెట్ గుచ్చుకుంటే సబ్బు, పారే నీళ్లతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, బ్లీచింగ్ పోయొద్దు. వెంటనే మెడికల్ ఆఫీసర్‌కు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు. "చిన్నదే కదా" అని దాచిపెట్టేది సాధారణంగా కొత్తగా చేరినవాళ్లు. మొదటి రోజే వాళ్లకు ఈ మాట చెప్పి, మెడికల్ ఆఫీసర్ ఫోన్ నంబరు తెల్ల డబ్బా మీద అంటించండి.

గోళీలు తక్కువ వచ్చిన నెల

సమావేశం ఆపకండి, తేదీ మార్చకండి. ఉన్నవాటిని అందరికీ 15 రోజుల చొప్పున ఇచ్చి, మళ్లీ ఏ రోజు రావాలో కార్డు మీద రాయండి. ఇన్సులిన్ వాడేవాళ్లకు, ఒకసారి పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్లకు మాత్రం పూర్తి నెలకు ఇవ్వండి. మిగతా సరుకు పక్క సబ్‌సెంటర్ నుంచి సర్దుకోవచ్చేమో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఒక మందుకు బదులు ఇంకొకటి ఇవ్వాల్సి వస్తే డాక్టర్ రాస్తేనే ఇవ్వండి. రంగు మారితే ఇది వేరే జబ్బు మందనుకుని పక్కన పడేస్తారు. అందుకే కొత్త గోళీని, పాత అట్టను పక్కపక్కన పెట్టి చూపించి పంపండి.